ఎన్ని నీళ్ళ దూరం

కలకత్తాకీ మద్రాసుకీ మధ్య విమానంలో ఎంతసేపు పడుతుందని దయచేసి నన్నెవరూ అడక్కండి. నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న ఒక పెళ్ళిలో పక్కన కూర్చున్న అబ్బాయి చేపల శాఖలో కొత్తగా చేరాడట. మర్యాదకి పలకరిస్తూ, "మీ రోజుల్లో చేపపిల్లల్ని కలకత్తా నుంచి విమానంలో తెప్పించేవాళ్ళట గదా సార్, ఎన్ని గంటలు పట్టేది?" అన్నాడు. తింటున్న లడ్డు ఆకులోనే వదిలేసి లేచిపోయాను. పాపం, అతని తప్పేం లేదు. అతని వయసులో నేనూ అదే ప్రశ్న అడిగాను. అడగాల్సింది అది కాదని తెలుసుకోవడానికి నాకు ఒక చెరువు ఖర్చయింది. అలా లేచిపోయినందుకు అతనికి క్షమాపణగా, అతనిలాంటి వాళ్ళకి ఉపయోగపడుతుందేమోనన్న ఆశతో ఇది రాస్తున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో సంగతి. నేను చేపల శాఖలో ఫీల్డుమేన్‌గా చేరి రెండేళ్ళయింది. మైళ్ళు పోయి కిలోమీటర్లు వస్తున్న రోజులు కాబట్టి ఆఫీసులో ఏ దూరమైనా రెండు లెక్కల్లోనూ రాయాలి. రాసిన దాన్ని మాత్రం ఎవరూ చదవరు. కోవూరు నుంచి విడవలూరు మీదుగా సముద్రం దాకా నా ఏరియా. సైకిలు మీద తిరిగేవాణ్ణి. అటు జువ్వలదిన్నె వైపు పడవలేసుకొని పోయేవాళ్ళకి నాతో పనే ఉండేది కాదు. "నువ్వు చెప్తే సముద్రం వింటాదా అబ్బయ్యా?" అనేవాళ్ళు. నా పనంతా చెరువుల దగ్గరే.

నెల్లూరులో మా ఆఫీసరుగారు ఉండేవారు. మంచివాడే. లంచం ముట్టడు, కేకలెయ్యడు, ఎవరి మీదా చాడీ వినడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, గోడ మీద భారతదేశం మ్యాపు. కలకత్తా దగ్గర ఒక గుండుసూది, మద్రాసు దగ్గర ఒక గుండుసూది గుచ్చి మధ్యన ఎర్రదారం కట్టారు. వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపిస్తారు. స్కేలు పెట్టి కొలిచి, "ఎనిమిదొందల యాభై మైళ్ళ పైచిలుకు" అంటారు. మర్నాడు మళ్ళీ కొలుస్తారు. ఎక్కడ తగ్గిపోతుందోనన్నట్టు! ఆ దారం చివర మద్రాసు ఉంది గానీ మా చెరువు లేదు. ఆ మాట అనడానికి నాకప్పుడు తెలివీ లేదు, ధైర్యమూ లేదు.

అసలు సంగతి ఇది. విడవలూరు దగ్గర ఒక పెద్ద చెరువు ఉంది. దాని మీద నలభై కుటుంబాలు వల వేసుకొని బతికేవి. ఆ చెరువులో దొరికేవి కొరమీను, వాలుగ, జెల్ల. ఇవి ఇతర చేపల పిల్లల్ని తినే జాతులు. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు వీటిని మొత్తం పట్టేసి, కాలవకి కొత్తనీళ్ళు వదలగానే కలకత్తా వైపు నుంచి బొచ్చె, శీలావతి పిల్లల్ని తెచ్చి వదిలితే ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటి సేరు తూగుతుందని మా శాఖ చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ దాని కోసం ఆ నలభై కుటుంబాలూ ముందు చెరువుని ఖాళీ చేసుకోవాలి. పిల్లలు రాకపోతే ఆ ఏడాదంతా ఆ నీళ్ళలో పట్టుకోవడానికి కప్పలు తప్ప ఇంకేం ఉండవు.

వాళ్ళని ఒప్పించింది మేము కాదు, వాళ్ళ సంఘం పెద్ద. ఊరంతా ఆయన్ని పెద్దన్న అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అరవై దాటినవాడు, ఎండకి నల్లబడి బక్కగా ఉండేవాడు, మాట నిదానం. ఆయన భార్య కోవూరు సంతలో చేపలమ్మేది. ఆమె మాట మాత్రం నిదానం కాదు.

"ఉండే చేప తీసేసి లేని చేప కోసరం గట్టున కూచోమంటాడే ఈ మనిషి! ఆకాశంలోంచి చేపలు రాల్తాయంట. వానొస్తే కప్పలు రాల్తాయని విన్నాంగానీ ఇదేం చోద్యం!" అని సంఘం మీటింగులోనే అంది.

పెద్దన్న నవ్వి, "ఒక్క ఏడాది నా మాట వినండి. రాకపోతే నన్ను ఆ చెరువులోనే దించండి" అన్నాడు. ఆయన మాట మీద నలభై ఇళ్ళవాళ్ళూ వేసవిలో చెరువు మొత్తం వలేసి ఎత్తేశారు.

ఆ తర్వాత ఒకరోజు ఆఫీసరుగారు చెరువు చూడటానికి వచ్చారు. మ్యాపు చుట్టి వెంట తెచ్చారు. దాన్ని గట్టు మీద పరిచి, నలుగురి చేత నాలుగు మూలలూ పట్టించి, ఎర్రదారం దోవ చూపించారు. పెద్దన్న వంగి శ్రద్ధగా చూశాడు.

"అది సరేగానీ సామీ, కలకత్తా ఎన్ని నీళ్ళు?" అన్నాడు.

"ఎన్ని... ఏమిటి?"

పెద్దన్న విడమరిచి చెప్పాడు. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పిల్లచేపల్ని తీసుకుపోయేటప్పుడు వాళ్ళు కుండల్లో పోసి కావడి మీద మోసుకుపోతారు. పిల్లలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఆ నీళ్ళలో ఊపిరి అయిపోయినట్టు. వెంటనే దగ్గర్లో ఉన్న కాలవ దగ్గరో బావి దగ్గరో కుండ దించి సగం నీళ్ళు మార్చాలి. అలా ఒకసారి మార్చేదాకా నడిచే దూరం ఒక నీళ్ళు. "ఈడ్నించి కోవూరు రెండు నీళ్ళు సామీ. ఎండ ముదిరితే అదే దోవ మూడు నీళ్ళవతాది."

ఆఫీసరుగారు పకపకా నవ్వారు. "విమానంలో నీళ్ళు మార్చరయ్యా! మూడున్నర గంటలు, అంతే. నువ్వు నడిచి కోవూరు పోయి వచ్చేలోపల అది కలకత్తా నుంచి మద్రాసులో దిగుతుంది."

"అట్నా," అన్నాడు పెద్దన్న. "పిల్లని కుండలోకి వొంచిన్నుంచి మళ్ళా చెరువులోకి వొదిలేదాకా మూడున్నర గంటలేనా?"

"విమానమయ్యా, విమానం!" అంటూ ఆఫీసరుగారు నా వైపు చూశారు. ఆయన నవ్వుతున్నారు కాబట్టి నేనూ నవ్వాను. చిరునవ్వు కాదు, గట్టిగానే నవ్వాను. పెద్దన్న నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, మ్యాపు మూల వదిలిపెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఆ మూడున్నర గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. నా దగ్గర్నుంచే. మద్రాసులోని విమానాల ఆఫీసుకి ట్రంకు కాల్ బుక్ చేసి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుంటే లైను దొరికింది. గీమంటున్న ఆ లైనులో, "కలకత్తా నుంచి మద్రాసుకి విమానం ఎంతసేపు?" అని అరిచాను. అవతలి మనిషి "మూడుంబావు, మూడున్నర" అన్నాడు. అంతే, ఫోను పెట్టేశాను. ఏ విమానం అని అడగలేదు. చేపపిల్లలు అందులో ఎక్కుతాయా అనీ అడగలేదు. ఒక్కరోజులో ట్రంకు కాల్ దొరికిన సంబరం నాది. ఆఫీసుకి వచ్చి నోటు రాశాను. విమానం మూడున్నర గంటలు, మద్రాసు నుంచి చెరువు దాకా వ్యాను అయిదు గంటలు, వెరసి ఎనిమిదిన్నర. ఆక్సిజన్ నింపి మూసిన టిన్నులో పిల్లలు పన్నెండు గంటలు ఆగుతాయి. కనుక మూడున్నర గంటలు మిగులు. ఆఫీసరుగారు 'మిగులు' అన్న మాట కింద ఎర్రపెన్సిలుతో గీత గీశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం!

ఆ రోజు రానే వచ్చింది. నేను డిపార్టుమెంటు వ్యాన్లో ముందురోజే బయల్దేరి మద్రాసు చేరి, పొద్దున ఎనిమిదికల్లా మీనంబాకంలో ఉన్నాను. ఇక్కడ చెరువు గట్టున ఆఫీసరుగారు షామియానా వేయించారు. పిల్లలు మధ్యాహ్నం రెండింటికి వస్తాయని చుట్టుపక్కల పెద్దమనుషులందరికీ కబురుపెట్టారు.

తొమ్మిదింటికి విమానం దిగింది. ప్యాసింజర్లు దిగారు, సూట్‌కేసులు దిగాయి. టిన్నుల జాడ లేదు. సామాన్ల షెడ్డులో గుమాస్తా, అరవాయన, నన్ను జాలిగా చూసి, వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఇది ప్యాసింజర్ల కోసం నేరుగా వచ్చే విమానం, నీళ్ళ టిన్నులు ఇందులో ఎక్కించరు, అవి భువనేశ్వరంలోనూ విశాఖపట్నంలోనూ ఆగుతూ వచ్చే చిన్న విమానంలో వస్తాయి, పన్నెండవుతుంది.

 అక్కడే నిలబడి మనసులో లెక్క వేసుకున్నాను. ఆ చిన్న విమానం కలకత్తాలో అయిదున్నరకి బయల్దేరిందనుకుంటే... అని వేళ్ళు మడిచాను. అప్పటికీ నా బుర్రకి విమానం బయల్దేరడమే మొదలు. పిల్లల్ని టిన్నుల్లో పోసి మూతి బిగించింది తొలికోడి కూయకముందే, ఊరికి దూరంగా ఉన్న చేపల ఫారంలో. అక్కణ్ణుంచి లారీలో విమానాశ్రయానికి తెచ్చారు. ఆ లారీ నా నోటులో లేదు.

నేనలా ఎదురుచూస్తుండగా ఇక్కడ చెరువు గట్టున ఏం జరిగిందో నాకు తర్వాత పదిమంది పదిసార్లు చెప్పారు. పదకొండు దాటాక ఉత్తరం వైపు నుంచి విమానం మోత వినిపించింది. సముద్రపు ఒడ్డు వెంబడి వచ్చి, చెరువు మీదగా, మద్రాసు వైపు పోయింది. జనం లేచి నిలబడ్డారు. "ఇది మనది కాదయ్యా, మనది ఎప్పుడో దిగిపోయింది" అని ఆఫీసరుగారు వాచీ చూసుకొని చెప్పారు. అయినా ఆడవాళ్ళు, పిల్లలు కేకలు వేశారు. "కొంచిం దించమను సామీ, మన చెరువు మీదగానే పోతా ఉండాది!" అన్నారు ఎవరో. పెద్దన్న తలపాగా ఊడదీసి పైకెత్తి ఊపాడట. ఆ విమానం మాదే. పైన ఇరవై టిన్నుల్లో మా పిల్లలు ఆ చెరువుని దాటి పోయాయి.

మీనంబాకంలో టిన్నులు పన్నెండుకి దిగాయి. ఇక ఆ గుమాస్తాగారి విధి నిర్వహణ మొదలైంది. సరుకు ఆఫీసరుగారి హోదా పేరు మీద వచ్చింది. నా దగ్గరున్న ఉత్తరంలో ఆయన సంతకం ఉంది గానీ ముద్ర సగమే పడింది. "సీల్ తెళివా లేదు" అన్నాడు. చేపలకి సీలు ఎందుకు సార్, చూస్తే చేపలని తెలియడం లేదా అన్నాను. ఆయనకి కోపం వచ్చి భోజనానికి పోయాడు. ఆయన పెరుగన్నం దాకా తిని వచ్చేసరికి ఒంటిగంట.

ఆ గంటసేపూ నేను టిన్నుల దగ్గరే కూర్చున్నాను. ఒకదాని మూతకున్న కంతలోంచి లోపలి పాలిథిన్ సంచిలోకి తొంగిచూశాను. పిల్లలు బతికే ఉన్నాయి. అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. చూసి సంతోషించాను. భలే చలాకీగా ఉన్నాయే అనుకున్నాను! నెల తిరక్కముందే పెద్దన్న నా మొహం మీద చెప్పిన గుర్తు అది, ఊపిరి అయిపోతున్న గుర్తు. విని నవ్వినవాడికి గుర్తెలా ఉంటుంది?

గుర్తొచ్చింది నాయుడుపేట గేటు దగ్గర. రైలు కోసం గేటు వేశారు. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. నేను మళ్ళీ ఒక టిన్నులోకి చూశాను. పైకొచ్చి తెరిచిన నోళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. రోడ్డు పక్కనే బావి ఉంది, మోటబావి, నిండా నీళ్ళు. టిన్నుల మూతికి వేసిన సీలు తెంచి సగం నీళ్ళు మార్చుకుంటూ పోతే చాలు. కానీ రూలేమిటంటే సీలు చెరువు గట్టున ఆఫీసరు సమక్షంలోనే తెంచాలి. ఆ రూలు మాకు టైపు చేసి ఇచ్చారు.

"తెంచమంటావా సార్?" అన్నాడు డ్రైవరు. వాడికి కూడా తెలిసిపోయింది.

నేను వద్దన్నాను. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను, చాలావాటికి ఎవరో ఒకరి మీద విసుక్కోగలను. ఆ ఒక్కదానికీ విసుక్కోవడానికి నాకు నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు. గేటు తీశారు, పోయాం.

చెరువు చేరేసరికి పొద్దు వాలుతోంది. షామియానా కింద పెద్దమనుషులు సగం మంది వెళ్ళిపోయారు. ఆఫీసరుగారు స్వయంగా మొదటి సీలు తెంచారు. టిన్ను చెరువులోకి వంచితే తెల్లటి పొట్టలు తేలాయి. రెండోది, మూడోది. ఎక్కడో ఒకటీ అరా కొట్టుకుంటోంది. ఇరవై టిన్నులూ అంతే. గట్టు మీద నలభై ఇళ్ళవాళ్ళు చూస్తున్నారు.

పెద్దన్న భార్య నా ముందుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీ పిల్లలు సచ్చినాయి సరే అబ్బయ్యా. మా పిల్లలకి ఏం పెట్టమంటావు, ఏడాదంతా?" అని అడిగింది.  ఆమె మొగుడి వైపు తిరిగి, "నిన్ను చెరువులో దించమన్నావు గదా, దిగు!" అంది. అప్పుడు ఏడ్చింది.

పెద్దన్న నిజంగానే చెరువులోకి దిగాడు. మోకాటి లోతు నీళ్ళలో వంగి దోసిట్లోకి కొన్ని పిల్లల్ని ఎత్తి చూసి వదిలాడు. గట్టెక్కి నా దగ్గరకొచ్చి నిదానంగా అడిగాడు.

"పగలు మా మీదగా విమానం పోయిందే, అందులోనేనా ఉన్నింది?"

"అవునన్నా."

"అప్పటికి బతికే ఉన్నాయా?"

మద్రాసులో కళ్ళారా చూశాను. అబద్ధం చెప్పలేకపోయాను. "ఉన్నాయన్నా" అన్నాను. ఆయన తల ఊపి, తడి చేతులు పంచెకి తుడుచుకొని ఇంటికి పోయాడు.

తర్వాత వారం రోజులు కాగితాలు నడిచాయి. కలకత్తావాళ్ళు చెడ్డ టిన్నులు పంపారని మేము. విమానంవాళ్ళు ఎండలో పెట్టారని కలకత్తావాళ్ళు. మేము ఆలస్యంగా తీసుకుపోయామని విమానంవాళ్ళు. తిలాపాపం తలా పిడికెడు. పంచుకోకుండా మిగిలింది ఆ నలభై ఇళ్ళ ఆకలి ఒక్కటే. ఊళ్ళో పెద్దన్న కనిపిస్తే, "ఆకాశం చేపలు దిగినాయా పెద్దన్నా?" అని వేళాకోళం చేసేవాళ్ళట. సంఘం పెద్దరికం ఇంకొకరికి ఇద్దామని మాటలు మొదలయ్యాయి. ఇంకో ఇరవై రోజులు దాటితే పిల్లల కాలం కూడా అయిపోతుంది.

నాకు నిద్ర లేదు. పెద్దన్న ఇంటికి పోయాను. తప్పు నాదని చెప్దామనే పోయాను. చెప్పలేదు. "ఇంకొక్కసారి తెప్పిద్దామన్నా, ఎట్లా తేవాలో నువ్వు చెప్పు" అన్నాను. ఆయన భార్య లోపల్నించి గిన్నెలు ఎత్తేసిన చప్పుడు చేసింది. పెద్దన్న లెక్క మొదలుపెట్టాడు.

"మీ టిన్ను మూసినాక ఎంతసేపు ఆగుతాది?"

"పన్నెండు గంటలు."

"అది పేపర్లో మాట. ఎండలో ఎనిమిదనుకో. ఎనిమిదికి ఒక నీళ్ళు. ఆడ మూసిన్నుంచి మద్రాసుకి ఎనిమిది దాటగూడదు. మద్రాసులో నీళ్ళు మార్చాల. ఆ నీళ్ళు మన చెరువువే ఉండాల. ఈడ్నించి కుండల్లో తీసుకోని ఎదురుపోదాం. పరాయి నీళ్ళలోంచి వొచ్చే పిల్లలు గదా, దోవలోనే మన నీళ్ళు అలవాటవతాయి."

ఇందులో ఎనిమిదొందల మైళ్ళ ప్రసక్తి ఎక్కడైనా ఉందేమో చూడండి.

ఆఫీసరుగారి దగ్గరికి పోయాను. టిన్నులు కలకత్తా విమానాశ్రయంలోనే మూయాలి, విమానాలవాళ్ళకి రాసి ప్రత్యేక అనుమతితో ప్యాసింజర్ల విమానంలోనే ఎక్కించాలి, మద్రాసులో సీలు తెంచే అధికారం నాకివ్వాలి అన్నాను. ఈ మూడింటికీ ఆయన సంతకం కావాలి. ఆయన మ్యాపు వైపు చూస్తూ కూర్చున్నారు.

"మొదటిదాని సంగతి తేలకుండా రెండోది ఎట్లా పంపమంటానయ్యా? పైవాళ్ళు సంజాయిషీ అడుగుతున్నారు."

"తప్పు నాది సార్. ట్రంకు కాల్లో నేను తప్పు ప్రశ్న అడిగాను. రాసిస్తాను."

ఆయన మొహం వికసించింది, పాపం దాచుకోలేకపోయారు. నేను ఒక ఠావు మీద రాసిచ్చాను. ఆయన నా మూడు కాగితాల మీదా సంతకాలు పెట్టి, ఈసారి ముద్ర తనే గట్టిగా అద్ది వేశారు. నా సర్వీసు రిజిస్టరులో 'తీవ్రమైన అజాగ్రత్త, హెచ్చరించడమైనది' అన్న వాక్యం అలా చేరింది. రిటైరయ్యేదాకా ప్రతి బదిలీలోనూ కొత్త ఆఫీసరు దాన్ని చదివి నన్ను ఎగాదిగా చూసేవాడు. సర్కారుకి రాతపూర్వకంగా ఒప్పుకున్నాను. ఒప్పుకోవాల్సిన మనిషికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

రెండోసారి మీనంబాకానికి నాతో పెద్దన్న వచ్చాడు. వ్యాన్లో పన్నెండు కుండల చెరువు నీళ్ళు, మూతులకి గుడ్డలు కట్టి, మధ్యన ఎండుగడ్డి కూరి. ఒక ఆక్సిజన్ సిలిండరు. మద్రాసు చేరేదాకా ఆయన కుండల మధ్యనే కూర్చొని ప్రతి గుంటకీ రెండు చేతులతో పట్టుకున్నాడు. షెడ్డు దగ్గర పాత గుమాస్తా కుండల్ని చూసి బయటికి వచ్చాడు.

"ఇది ఎన్నప్పా?"

"నీళ్ళు సార్."

"నెల్లూరి నించి మద్రాస్‌కి తణ్ణి తెచ్చావా?" అని తల పట్టుకున్నాడు. ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించాడు. నేను ముద్ర పడిన కాగితాలు మూడూ ఆయన ముందు పరిచాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క నొచ్చుకున్నాడు. ఇంతలో విమానం దిగింది.

షెడ్డు నీడలో కూర్చొని టిన్ను తర్వాత టిన్ను సీలు తెంచాం. సగం నీళ్ళు తీసి, ఆ మేరకి చెరువు నీళ్ళు పోసి, ఆక్సిజన్ పట్టి మళ్ళీ మూతి బిగించాం. మూసేముందు ప్రతి టిన్నులోనూ పెద్దన్న వేలు ముంచి చూసేవాడు. గుమాస్తా భోజనానికి పోవడం మాని అక్కడే నిలబడ్డాడు. చివరి నాలుగు టిన్నులకి సిలిండరు గొట్టం తనే పట్టుకున్నాడు. ఆ మనిషిని అంతకుముందు మనసులో తిట్టిన తిట్లన్నీ అప్పుడు వాపసు తీసుకున్నాను.

దోవలో గూడూరు దాటాక పెద్దన్న వ్యాను ఆపమన్నాడు. రెండు టిన్నుల్లో పిల్లలు నోళ్ళు పైకి పెడుతున్నాయి. మిగిలిన కుండల్లోని నీళ్ళు వాటికి మార్చాం. రూలూ లేదు, ఆఫీసరూ లేడు. నెల్లూరు చేరి, పెన్న దాటి, కోవూరు మీదుగా చెరువు దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఈసారి షామియానా లేదు, పెద్దమనుషులు లేరు. జనం కూడా పెద్దగా రాలేదు, నమ్మితే గదా! పెద్దన్న భార్య మాత్రం కొంగు బిగించుకొని గట్టున నిలబడి ఉంది.

సంచుల్ని మూతి విప్పకుండా కాసేపు చెరువులో తేలేసి, తర్వాత ఒక్కొక్కటీ వంచాం. ఒక టిన్నులో పిల్లలు పూర్తిగా పోయాయి. మిగతావి ఒక్క క్షణం అక్కడే గుంపుగా నిలబడి, చీకటి నీడలాగా లోపలికి దిగిపోయాయి. పెద్దన్న భార్య ఆ నీళ్ళ వైపే చూస్తూ, "ఏవీ, కనపడవే?" అంది. "బతికినవి కనపడవే పిచ్చిదానా" అన్నాడు పెద్దన్న. ఆమె వెనక్కి తిరిగి ఊళ్ళోకి పరుగు పెట్టింది, అందరికీ చెప్పడానికి.

ఆఫీసరుగారు పంపిన రిపోర్టు నేను చూశాను. 'కలకత్తా-మద్రాసు విమాన దూరం ఇన్ని మైళ్ళు, అనగా ఇన్ని కిలోమీటర్లు. ప్రయాణ కాలం మూడున్నర గంటలు. రవాణా విజయవంతం.' కుండల మాట లేదు. పెద్దన్న మాట లేదు. ఎర్రదారం పక్కన ఒక చిన్న కాగితపు జెండా కొత్తగా వెలిసింది. ఆ రిపోర్టు చదివి ఇంకో రెండు జిల్లాలవాళ్ళు మూడున్నర గంటల లెక్కన పిల్లల్ని తెప్పించుకున్నారు. ఏమైందో మీరే ఊహించుకోండి. చెప్పబోతే, "నీ మీద హెచ్చరిక ఉంది గదయ్యా?" అన్నారు.

ఏడాది తిరిగింది. మొదటి వల లాగే రోజు నన్ను పిలిచారు. సేరు కాదు, సేరున్నర తూగే బొచ్చెలు వలలో ఎగిరెగిరి పడుతున్నాయి. గట్టు నిండా గంపలు. పెద్దరికం ఎవరికివ్వాలన్న మాట ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు. పెద్దన్న భార్య నాకు అన్నిటికన్నా పెద్ద చేపని ఏరి పక్కన పెట్టింది. దాన్ని చూశాక నాకు ఆగలేదు. పెద్దన్న ఒంటరిగా కూర్చొని వల చిక్కులు తీస్తుంటే పక్కన పోయి కూర్చున్నాను.

"అన్నా, మొదటిసారి పిల్లలు చచ్చిపోయింది నా వల్ల. విమానం ఎంతసేపు అని మాత్రమే అడిగాను. నువ్వడిగింది నేను అడగలేదు. దోవలో నీళ్ళు మార్చే అవకాశం ఉండీ భయపడి మార్చలేదు. ఏడాది నుంచి నీకు చెప్పాలని..."

"తెలుసు లేబ్బయ్యా" అన్నాడు, వల మీంచి కళ్ళెత్తకుండా.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దు మ్యాపు కాడ నువ్వు నవ్వినావు గదా, అప్పట్నించి."

 సిగ్గు పోయి, దాని స్థానంలో మొదటిసారి ఆయన మీద కూడా విసుగు వచ్చింది. అప్పటికే నలభై ఇళ్ళు పణంగా ఉంటే, తెలిసి కూడా ఊరుకున్నాడా ఈ మనిషి?

"తెలిస్తే ఎందుకు చెప్పలేదన్నా నాకు?"

ఆయన చేతిలో వల ఆపి, అప్పుడు నా వైపు చూశాడు.

"చెప్పినా గదా నాయనా. కలకత్తా ఎన్ని నీళ్ళని అడిగినా గదా" అన్నాడు.